కదపకూడని పరుపు

ఆరో కోడి మెడ అత్తగారి ఒళ్ళోనే వాలిపోయింది. లోపలి ఎముక ఎవరో లాగేసినట్టు, పిండని తువ్వాలులా మోకాలి మీంచి కిందికి వేలాడింది. ప్రాణం ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోట్లోంచి జిగురు తీగలా సాగి ఆవిడ ఉన్ని శాలువా మీద పడింది.

"దొరసానీ, ఇటు చూడవే," అంది అత్తగారు.

దొరసాని చూడలేదు. కోడలు మఫ్లరు ముక్కుకి అడ్డం పెట్టుకుని షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది. పొద్దున్నుంచి ఇది ఆరోది. రెండు అప్పటికే చచ్చి గోనెపట్టా కింద ఉన్నాయి. మూడు గోడకి జారబడి, తాగుబోతుల్లా తలలు నేలకి ఆనించి ఉన్నాయి.

అత్తగారు దొరసానిని మెల్లిగా పక్కన పెట్టి లేచింది. చెక్కల సందులోంచి ఏదో లాగింది. ఖాళీ సీసా. దాన్ని పట్టుకుని నేరుగా ప్రహరీగోడ దగ్గరికి నడిచింది.

"గార్డుగారూ."

పక్కింటాయన రైల్వేలో గార్డు చేసి రిటైరయ్యాడు. ఆయన చెవిన ఒక మాట వేస్తే వీధికి వేరే దండోరా అక్కర్లేదు. ఆ సంగతి అత్తగారికి తెలుసు. అందుకే పిలిచింది.

"మా కోళ్ళు చస్తున్నాయి గార్డుగారూ. మా కోడలే మందు పెట్టింది. ఇదిగో సీసా."

గోడ మీద ఒక ఉన్ని టోపీ, దాని కింద ఒక కళ్ళజోడు లేచాయి. "అయ్యయ్యో. మీ పుంజు కూడా పోయిందా?"

"అది మా తమ్ముడింటికి పోయింది కాబట్టి బతికిపోయింది."

"అదా సంగతి. రెండు వారాలుగా తెల్లారగట్ల నాకు హాయిగా నిద్ర పడుతోంది," అన్నాడు గార్డు. తరవాత కోడలి వైపు చూశాడు. ఆ చూపులో జాలి లేదు. ఎవరెవరికి చెప్పాలో లెక్క ఉంది.

సీసా ఆమెదే. ఆమె లాండ్రీలో పనిచేస్తుంది. మరకలు తీసే మందు. ఇంట్లో వాడుకోవడానికి ఒకటి తెచ్చుకుంది.

"అది స్నానాలగదిలో పెట్టాను అత్తయ్యా. నిండుగా ఉండాలి."

"మరి నడుచుకుంటూ వచ్చిందా షెడ్డులోకి? పోయిన ఆదివారం నువ్వే కదా అన్నావు, వీటన్నిటికీ ఓ రోజు మందు పెడతానని."

కోడలు ఆ మాట అన్నది నిజమే. అత్తగారు కోళ్ళ కాళ్ళు వంటింట్లో కడుగుతుంటే అంది. ఆ కోళ్ళకి కాళ్ళ వేళ్ళ దాకా ఈకలుంటాయి. మంచులో తిరిగొస్తే ఆ ఈకలకి రెట్ట, బురద, మంచు కలిసి నిమ్మకాయలంత ఉండలు కడతాయి. ఒక్కో కోడినీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గోరువెచ్చటి నీళ్ళలో ఆ ఉండలు కరిగించడం అత్తగారికి రోజూ ఉన్న పని. కరిగించే బేసిన్ మాత్రం కూరలు కడిగేది.

"ఆరింటికి వాడు బస్సు దిగి ఇంటికొస్తాడు," అంది అత్తగారు, కొడుకుని ఉద్దేశించి. "ఆలోపు నీ సంచీ సర్దుకో. ఈ కోళ్ళని చంపిన చేత్తో వండింది ఈ ఇంట్లో ఎవరూ తినరు."

వరండాలో మామగారు పేపరు చదువుతున్నాడు. తల ఎత్తలేదు. పేజీ కూడా తిప్పలేదు.

*

మామూలు కోళ్ళయితే ఇంత గొడవ ఉండేది కాదు. ఇవి చలిదేశపు జాతి. పెట్ట ఐదు కిలోలు తూగుతుంది, పుంజు ఆరు దాటుతుంది. నెత్తి మీది జుట్టు చిన్నది కాబట్టి మంచుకి నల్లబడి రాలిపోదు. ఒంటి నిండా కంబళి కప్పినట్టు ఈకలు. ఎత్తుకుంటే బస్తాలా చేతుల్లో ఉండిపోతాయి. పొడవవు, పరిగెత్తవు. దారికి అడ్డంగా కూర్చుంటే పక్కనుంచి పోవలసింది మనమే. పిల్లి వచ్చినా కాస్త జరిగి చోటిస్తాయి. ఇరవై రెండు పెట్టలు, ఒక పుంజు. పుంజు పేరు జమీందారు. రెండు వారాల కిందట మామగారు దాన్ని బుట్టలో పెట్టుకుని తన బ్రెడ్డు వ్యానులో బావమరిది ఇంట్లో దింపి వచ్చానన్నాడు. వాళ్ళ పెట్టలకి జత కావాలట.

అత్తగారికి అవి బిడ్డలు. కోడలికి అవి వాసన. ఈ ఇంటికొచ్చిన నాలుగేళ్ళలో ఆమె గుడ్డు ముట్టలేదు.

పశువుల డాక్టరమ్మ పదకొండున్నరకి రబ్బరు బూట్లతో వచ్చింది. పడిపోయిన కోళ్ళ ఒంటి వేడి చూసింది, ముక్కులు చూసింది, రెప్పలు ఎత్తి చూసింది.

"జ్వరం లేదు. ముక్కు కారడం లేదు. జుట్టు నీలం తిరగలేదు."

"అయితే అంటురోగం కాదు కదా," అంది అత్తగారు.

"కాదని ఊరికే రాయలేనమ్మా. ఒక్కపూటలో ఆరు పడిపోతే బర్డ్ ఫ్లూ అనే అనుకోవాలి, రూలు అంతే. పై ఆఫీసు వాళ్ళొచ్చి మిగిలినవన్నీ సంచుల్లో వేసి, సున్నం పోసి పాతేస్తారు."

"బతికున్నవి కూడానా?"

డాక్టరమ్మ తన సంచీ తెరిచింది. చచ్చిన కోడిని పాత పేపరు మీద వెల్లకిలా వేసి, మెడ కింద మేతసంచి దగ్గర కత్తి పెట్టింది. చర్మం తెగగానే వాసన ముందొచ్చింది. పుల్లగా, తియ్యగా, గొంతులో వేలు పెట్టినట్టు. గింజల మధ్యలోంచి తెల్లటి పురుగులు పేపరు మీదికి జారాయి. కొన్ని ఇంకా కదులుతున్నాయి.

కోడలు గుమ్మం పట్టుకుంది.

"ఇవి కుళ్ళిన మాంసంలో పుట్టే పురుగులు," అంది డాక్టరమ్మ. "ఆ కుళ్ళులో ఒక విషం తయారవుతుంది. పురుగుకి ఏమీ కాదు. పురుగుని తిన్న కోడికి ముందు కాళ్ళు పడిపోతాయి, తరవాత రెక్కలు, చివరికి మెడ. ఇది ఒకదాన్నించి ఒకదానికి అంటదు. మాంసం పెడుతున్నారా వీటికి?"

"రామ రామ. గింజలు, ఆకుకూర తప్ప ఏమీ పెట్టను. బయట పురుగులు ఎక్కడివి? నేలంతా గడ్డ కట్టింది, కుళాయిలో నీళ్ళే రావడం లేదు."

"మరి ఇవి ఆకాశంలోంచి పడలేదు కదమ్మా." డాక్టరమ్మ గ్లవ్స్ విప్పింది. "ఊరవతల ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోంది. నాలుగింటికి తిరిగొస్తాను. ఆలోపు ఆ కుళ్ళింది ఎక్కడుందో చూపిస్తే అదే రాసి ఊరుకుంటాను. లేకపోతే పై ఆఫీసుకి ఫోను. ఎవరో మందు పెట్టారని మీరంటున్నారు కాబట్టి పోలీసులకి కూడా."

జీపు వెళ్ళిపోయింది. టైము పన్నెండు పది.

*

కోడలు సంచీ సర్దలేదు. షెడ్డు కిటికీ వంక చూస్తూ నిలబడింది. అద్దానికి లోపలి వైపు ఒక ఈగ పాకుతోంది. దాని వెనక ఇంకోటి.

ఊళ్ళో ఎక్కడా ఈగ లేదు. లాండ్రీలో మాత్రం చలికాలంలో కూడా ఉంటాయి, బాయిలరు వెనక. వెచ్చగా ఉన్న చోటికి ఈగ ఎలాగైనా చేరుతుంది. షెడ్డులో బాయిలరు లేదు. పరుపు ఉంది.

పరుపంటే రంపపు పొట్టు. చలి మొదలయ్యేటప్పుడు అత్తగారు జానెడు మందాన పరుస్తుంది. రెట్ట పడుతూ ఉంటే తియ్యదు, పైన ఇంకో పొర చల్లుతుంది. దాని మీద ఇంకో పొర. అడుగున అది ఎరువులా మగ్గుతూ వేడి పుట్టిస్తుంది. కోళ్ళు ఆ వేడి మీద పడుకుంటాయి. బయట బకెట్టులో నీళ్ళు రాయి అయిపోయినా పరుపులో చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. అందుకే ఈ ఇంట్లో ఒకటే కట్టుబాటు. మంచు కరిగేదాకా పరుపు కదపకూడదు. కదిపితే వేడి పోతుంది, కోళ్ళు పోతాయి.

అంటే నాలుగు నెలల పాటు ఎవరూ తవ్వని చోటు ఈ ఇంట్లో అదొక్కటే.

ఆమె లాండ్రీ గ్లవ్స్ తెచ్చుకుని పార కోసం చూసింది. తలుపు వెనక ఎప్పుడూ ఉండే పార లేదు.

"పార ఏది?"

వరండాలో పేపరు కిందికి దిగింది. "ఎందుకు?" అన్నాడు మామగారు.

"పరుపు తవ్వుతాను."

"ముట్టుకోకు. ఈ చలిలో వాటికి అదొక్కటే దిక్కు. అసలే ఆరు పోయాయి, మిగిలినవి కూడా చంపుతావా?"

ఆయన కోళ్ళ గురించి అంత పొడుగు మాట్లాడడం ఆమె ఈ నాలుగేళ్ళలో వినలేదు. అత్తగారు కూడా లోపల్నించి అందుకుంది. "నిజమే, కదిపావంటే నేను ఊరుకోను."

"నాలుగింటికి ఎలాగూ సున్నం పోస్తారు అత్తయ్యా. చలికి చస్తే ఏం, సున్నానికి చస్తే ఏం," అని కోడలు షెడ్డులోకి వెళ్ళి లోపల్నించి గడియ పెట్టింది.

పార లేకపోతే చెత్త ఎత్తే రేకు ఉంది. ఎక్కడ తవ్వాలో వెతకనక్కర్లేదు. పడిపోయిన ఆరూ ఉత్తరం మూలన పడుకునేవి. ఆ మూల ఒక చోట పరుపు కాళ్ళతో గీకి గీకి గుంట చేసి ఉంది. దాని చుట్టూ పొట్టు మిగతా చోట్ల కంటే తెల్లగా, కొత్తగా ఉంది. ఎవరో అక్కడ మాత్రం బస్తా పోసినట్టు.

మొదటి పొర పొడిగా వచ్చింది. రెండో పొర నల్లగా, ముద్దగా ఉంది. మూడోది కదిలించగానే ఆవిరి లేచింది. ఆ ఘాటుకి కళ్ళలో నీళ్ళు ధారలు కట్టాయి. ముక్కు మూసుకుంటే నోట్లో తగిలింది, నాలుక మీద చేదుగా పేరుకుంది. రేకు అంచుకి రెట్ట జిగురులా సాగుతోంది. గ్లవ్సు లోపలికి తడి దిగింది. అది ఏమి తడో ఆలోచించకూడదనుకుంది, ఆలోచించింది. పక్కన రెండు పెట్టలు వచ్చి నిలబడి, తమకోసమే తవ్వుతున్నట్టు తల వంచి చూస్తున్నాయి. మోచేత్తో తోసినా కదలవు. వాటిని ఎత్తి అవతల పెట్టాల్సి వచ్చింది. ఎత్తితే ఒక దాని కాలి ఉండ ఆమె మణికట్టు మీద చితికింది.

మోచేతి లోతున రేకుకి ఏదో మెత్తగా తగిలింది. పొట్టు కాదు. లాగితే రానంది. ఇంకోసారి లాగితే వచ్చింది, సగం.

పొట్టు కింద మొత్తం కదులుతోంది. అన్నం మెతుకుల్లా తెల్లగా, వందల్లో, ఒకదాని మీంచి ఒకటి పాకుతూ. వాటి మధ్య బంగారు రంగు ఈకలు తడిసి అంటుకుని ఉన్నాయి. అరచెయ్యంత కాలు. వేళ్ళ దాకా ఈకలున్న కాలు. దానికి నీలం రింగు.

ఆమె పక్కకి తిరిగి కక్కుకుంది. రెండుసార్లు. మూతి తుడుచుకుందామంటే తుడుచుకునే చెయ్యి లేదు.

తలుపు మీద ఎవరో వేళ్ళతో మెల్లిగా కొట్టారు.

"అమ్మాయ్." మామగారి గొంతు. "ఏమైనా దొరికిందా?"

ఆమె తలుపు గడియ వంక చూసింది.

"దొరికితే సంచీలో మూట కట్టి ఇటివ్వు. నేను పారేస్తాను. మీ అత్తయ్యకి చూపించకు, తట్టుకోలేదు."

"ఏం దొరుకుతుందని మామయ్యా?"

అవతల బూట్లు అటూ ఇటూ బరువు మార్చుకున్నాయి. "చచ్చిన ఎలకో ఏదో. నాకేం తెలుసు," అన్నాడాయన.

అప్పుడు ఆమెకి, రెండు వారాల కిందట ఆయన లాండ్రీకి ఇచ్చిన కోటు గుర్తొచ్చింది.

*

ఆమె గడియ తీసి, రేకులో ఎత్తుకున్నది ఎత్తుకున్నట్టే వరండా మెట్ల దాకా తెచ్చి కింద పెట్టింది. మామగారు రెండడుగులు వెనక్కి వేశాడు. అత్తగారు బయటికొచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, మెట్ల మీద కూలబడింది. ఆ కుళ్ళులోకి వట్టి చెయ్యి పెట్టి రింగు తిప్పి చూసింది. నీలం రింగు ఆవిడే తొడిగింది, అది అరచేతిలో పట్టే పిల్లగా ఉన్నప్పుడు.

"ఇది జమీందారు కదా," అంది. ఎవరితోనో తెలియదు. "ఇది మా తమ్ముడింట్లో ఉండాలి కదా."

ఆవిడ ఆ చేత్తోనే ఫోను తీసి తమ్ముడికి చేసింది.

"పుంజు ఎలా ఉందిరా?"

ఫోనులో గొంతు వరండా అంతా వినపడింది. "ఏ పుంజక్కా?"

"మీ బావగారు తెచ్చి దింపింది."

"బావగారు మా గుమ్మం తొక్కి ఏడాదయింది. ఏమయిందక్కా?"

ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుంది. అందులో తమ్ముడు అక్కా అక్కా అంటూనే ఉన్నాడు.

"ఏవండీ," అంది.

మామగారు గొంతు సవరించుకున్నాడు. కోడలి వంక చూడకుండా, వేలు మాత్రం ఆమె వైపు చూపించాడు. "దాన్నడుగు. కోళ్ళంటే దానికి మొదట్నించీ కిట్టదు. ఎక్కడుందో సరిగ్గా ఎలా తవ్వింది? పాతిన వాళ్ళకే కదా తెలిసేది. నేను దార్లో టీకి ఆగినప్పుడు పుంజు బుట్టలోంచి తప్పించుకుంది. నీకు చెప్పలేక ఊరుకున్నాను. ఇంటికి తిరిగొచ్చి ఉంటుంది. ఇది చంపి ఉంటుంది."

అంతవరకూ ఆమెకి పురుగుల మీద అసహ్యం. ఇప్పుడవి రేకులో వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఎవరి మీదా నింద వెయ్యడం లేదు.

ఆమె లోపలికెళ్ళి కొక్కేనికున్న మామగారి కోటు తెచ్చింది. అస్తరు బయటికి తిప్పి అత్తగారి ముందు పరిచింది. కుడి పక్క రెండు జానల వెడల్పున గోధుమరంగు మచ్చ.

"రెండు వారాల కిందట మామయ్య దీన్ని లాండ్రీలో ఇచ్చారు. గ్రీజు మరకన్నారు. గ్రీజు మీద వేడినీళ్ళు పోస్తే వదులుతుంది. నెత్తురు మీద పోస్తే ఉడికి బట్టలో దిగిపోతుంది, జన్మలో పోదు. నాకిచ్చే ముందు ఇంట్లో ఎవరో దీని మీద వేడినీళ్ళు పోశారు. పోకపోతే నా సీసా మొత్తం వంచారు. ఆ వాసన ఇంకా ఉంది, చూడండి. చెయ్యి కోసుకుని ఉంటారనుకుని నేను అడగలేదు."

జేబు కుట్టు గోటితో చీల్చింది. లోపల్నించి బంగారు రంగు నూగు ఒకటి గాలికి లేచి అత్తగారి శాలువాకి అంటుకుంది.

జీపు చప్పుడయింది. డాక్టరమ్మ పది నిమిషాలు ముందే వచ్చింది. రేకు చూసింది, ముక్కు మూసుకోకుండా వంగి చూసింది. "ఇదే," అంది. "ఛాతీ ఎముకలు చితికాయి, ఏదో బరువైనది ఎక్కింది. అంటురోగం కాదు. ఆ మూల మొత్తం ఎత్తి తగలబెట్టండి. పడిపోయిన వాటికి గంటగంటకీ మందు నీళ్ళు గొంతులో పోసి, తలలు ఎత్తు మీద పెట్టండి. మూడు బతకొచ్చు, నాలుగోది చెప్పలేను. మిగిలినవాటికి ఏం భయం లేదు." కాగితం తీసింది. "పరుపులో ఎవరు పాతారు దీన్ని?"

మామగారు వ్యాను వైపు చూస్తున్నాడు.

"హారన్ కొట్టాను," అన్నాడు చివరికి. "రెండుసార్లు కొట్టాను. ఇంజను వేడెక్కుతుంటే దాని కింద చేరి కూర్చుంది. వేరే కోడయితే ఎగిరిపోయేది. ఇది కదల్లేదు. నేల తవ్వుదామంటే పార దిగలేదు. ఎక్కడ పెట్టను మరి?"

"నేను ఏడుస్తాననే కదా దాచారు," అంది అత్తగారు మెల్లిగా.

"అవును."

"మరి ఇందాక దాని మీదికి వేలు చూపించారే. అదీ అందుకేనా?"

ఆయన జేబులో చేతులు పెట్టుకోబోయి, కోటు లేదని గుర్తొచ్చి ఆగిపోయాడు.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకోబోయింది. కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ ఒకేలా కంపు కొడుతున్నాయి.

"పొరపాటయిందే అమ్మాయ్. వాడొచ్చాక నేను చెప్తాను. లోపలికి రా, నీళ్ళు కాస్తాను."

"మీ అబ్బాయికి తరవాత చెబుదురుగాని," అంది కోడలు. "పొద్దున ఎక్కడ నిలబడి నన్నన్నారో, ముందు అక్కడ చెప్పండి. లేకపోతే నా సంచీ నేనే సర్దుకుంటాను. ఈసారి మీరు చెప్పక్కర్లేదు."

"ఇంటి పరువు," అన్నాడు మామగారు.

అత్తగారు ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఆ రేకులో ఉన్నదాన్ని కూడా అలా చూడలేదావిడ. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ముంజేతి దాకా నల్లగా అంటినదాన్ని తుడుచుకోలేదు. ముప్ఫై అడుగులు, కుంటుకుంటూ, ప్రహరీగోడ దాకా నడిచింది.

"గార్డుగారూ."

ఉన్ని టోపీ గోడ వెనకే ఉన్నట్టుంది, వెంటనే లేచింది. వాసనకి ఆయన మొహం ముడుచుకుపోయింది.

"పొద్దున నేను మా కోడలి పేరు చెప్పాను. ఎంతమందికి చెప్పారు?"

"నలుగురైదుగురికి," అన్నాడు గార్డు నీళ్ళు నములుతూ.

"ఇప్పుడు మళ్ళీ వెళ్ళి ఆ నలుగురైదుగురికీ చెప్పండి. దాని తప్పేమీ లేదు. పుంజుని చంపిందీ, నా పరుపులో పాతిపెట్టి ఇన్ని ప్రాణాలు తీసిందీ, దాని మీద నింద పడుతుంటే పేపరు చదువుతూ కూర్చున్నదీ," అని ఆవిడ ఊపిరి తీసుకుంది, వీధి చివరి దాకా వినపడేంత ఊపిరి, "మా ఆయన."